ఫీజు కట్టిన అంకుల్‌కి నేనెంత బాకీ?

మెట్రోలో ఇయర్‌ఫోన్స్ మర్చిపోయినవాళ్లు, డేటా అయిపోయినవాళ్లు చదువుకోవడానికి ఈ ఎపిసోడ్‌ని ఇలా రాసి పెడుతున్నాం. మధ్యలో నేను తడబడినవి, మంచినీళ్లు తాగినవి తీసేశాం. మిగతాదంతా మాట్లాడింది మాట్లాడినట్టే ఉంది.

ఈ రోజు టాపిక్ కృతజ్ఞత, స్వేచ్ఛ. రెండూ చర్చిలో చిన్నప్పటి నుంచి విన్న మాటలే. కానీ ఈ రెండూ ఒకదానితో ఒకటి గొడవ పడే రోజు ఒకటి వస్తుంది. మనకి మేలు చేసినవాళ్లు మన దగ్గరికి వచ్చి ఒకటి అడుగుతారు. మనకి అది ఇష్టం ఉండదు. "నో" అంటే కృతజ్ఞత లేనట్టు, "యెస్" అంటే స్వేచ్ఛ లేనట్టు. అప్పుడేం చెయ్యాలి? ఇదే ఈ రోజు ప్రశ్న. ముందు నా కథ చెప్తా, తర్వాత బైబిల్లోకి, ఆ తర్వాత మన ఒంగోలుకి వెళ్దాం.

18,000 రూపాయల కథ

నేను 2018లో బీటెక్ అయిపోయాక దిల్‌సుఖ్‌నగర్ వచ్చా. మెకానికల్ బ్రాంచ్, చేతిలో మూడు బ్యాక్‌లాగ్స్ క్లియర్ చేసిన మెమోలు, ఉద్యోగం లేదు. నలుగురు ఉండే హాస్టల్ రూమ్. ఆ ఏడాది సెప్టెంబర్ 24న అమీర్‌పేట్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో మొదలైంది. మా రూమ్‌లో అందరం కలిసి ఒకసారి ఊరికే ఎక్కి దిగాం. మళ్లీ ఎక్కడానికి డబ్బుల్లేవు.

జావా కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుందన్నారు. ఫీజు 18,000. మా నాన్నని అడిగే పరిస్థితి లేదు, ఆ ఏడు మిర్చి పోయింది. ఎల్బీ నగర్ వైపు నేను వెళ్లే సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. పేరు చెప్పను, అంకుల్ అంటా. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఎందుకలా ఉన్నావని అడిగారు, చెప్పా. మర్నాడు నాతో పాటు ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి, లైన్లో నిలబడి, క్యాష్ కట్టేశారు. రసీదు కూడా నా చేతికే ఇచ్చారు.

2019లో ఉద్యోగం వచ్చింది. సంఘంలో సౌండ్ మిక్సర్ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టా. ఇష్టంగానే. తర్వాత పాటల స్లైడ్స్ నావే. లాక్‌డౌన్ వచ్చాక లైవ్ స్ట్రీమింగ్ నాదే. శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం యూత్ మీటింగ్, ఆదివారం రెండు ఆరాధనలు. మూడేళ్లలో ఒక్క ఆదివారం కూడా బెంచీ మీద అందరితో కూర్చుని వాక్యం విన్నట్టు గుర్తు లేదు.

2022లో పుణెలో మంచి ఆఫర్ వచ్చింది. అంకుల్‌కి చెప్పా. ఆయన కాసేపు ఆగి, "ఫీజు కట్టిన రోజు గుర్తుందా నాయనా?" అన్నారు. అంతే. కోప్పడలేదు, వద్దనలేదు. నేను ఆఫర్ వదిలేశా.

తర్వాత ఏడాది పాటు మిక్సర్ దగ్గర కూర్చుని ఫేడర్లు జరుపుతూ లోపల ఉడికిపోయా. ఒక రాత్రి, దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ ఎదురుగా టీ తాగుతూ, ఫోన్ తీసి ఆయన నంబర్‌కి యూపీఐలో 18,000 కొట్టేశా. నోట్‌లో "కోర్సు ఫీజు" అని రాశా. పంపగానే భుజాల మీద నుంచి మూట దించినట్టు అనిపించింది. పది నిమిషాలకి ఆ డబ్బు తిరిగి నా అకౌంట్‌లోకే వచ్చింది. మెసేజ్ ఏమీ లేదు.

మిగతా కథ చివర్లో చెప్తా. ముందు ఇది చూడండి: ఆ రోజు తప్పు ఎవరిది? ఆయన ఇచ్చింది బహుమానం. ఒక్క మాటతో ఆయన దాన్ని అప్పు చేశారు. ఆ అప్పుని నేను యూపీఐతో రాసిచ్చినట్టు ఖాయం చేశా. ఇద్దరం కలిసి ఒక మంచి పనిని బాకీ పద్దులోకి ఎక్కించాం.

"విశ్వాసం" అనే మాటలో తిరకాసు

మన తెలుగులో ఒక తమాషా ఉంది. "ఉప్పు తిన్న విశ్వాసం" అంటాం. "కుక్కకున్న విశ్వాసం కూడా లేదు వాడికి" అని తిడతాం. అక్కడ విశ్వాసం అంటే తిండి పెట్టినవాడికి కట్టుబడి ఉండటం. అదే మాట చర్చిలో దేవుణ్ని నమ్మడానికి వాడతాం. ఒకే మాట, రెండు అర్థాలు.

మనకి తెలియకుండానే రెండూ కలిసిపోతాయి. దేవుడు అన్నం పెట్టాడు కాబట్టి నోరెత్తకూడదు. సంఘం నిలబెట్టింది కాబట్టి ప్రశ్న అడగకూడదు. సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా చూడండి, "ఆయన నాకు ఉద్యోగం ఇచ్చాడు, కాబట్టి నేను ఆయనకి..." అని లెక్క చెప్తున్నట్టే ఉంటుంది. ఉద్యోగం వస్తే ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టి, బిర్యానీ వండి, అందరినీ పిలుస్తాం. చాలా మంచి అలవాటు. కానీ కొన్ని ఇళ్లలో అది కూడా "పెట్టకపోతే వచ్చిన ఉద్యోగం పోతుందేమో" అనే భయంతో జరుగుతుంది. భయంతో చెప్పే థ్యాంక్స్‌కి మన తెలుగులో వేరే పేరుంది. మొహమాటం.

మొహమాటం, కృతజ్ఞత బయటికి ఒకేలా కనిపిస్తాయి. రెండింట్లోనూ నవ్వుతాం, తలూపుతాం, "అలాగే అంకుల్" అంటాం. లోపల మాత్రం వేరు. యేసు దీన్ని ఎలా చూశాడో లూకా సువార్త 17వ అధ్యాయంలో ఉంది.

పదిమందిలో ఒక్కడు

కథ అందరికీ తెలుసు. పదిమంది కుష్ఠురోగులు దూరంగా నిలబడి కేక వేశారు. వెళ్లి యాజకులకి కనబరుచుకోమని యేసు చెప్పాడు. ధర్మశాస్త్రం ప్రకారం రోగం పోయిందని చెప్పాల్సింది యాజకుడే, ఆయన చెప్తేనే ఊళ్లోకి రానిస్తారు. వాళ్లు వెళ్తుండగా దారిలో బాగైపోయారు. ఒకడు మాత్రం వెనక్కి వచ్చి కాళ్ల మీద పడి కృతజ్ఞత చెప్పాడు. వాడు సమరయుడు. అంటే యూదులు తమలో కలుపుకోని మనిషి.

మిగతా తొమ్మిదిమంది ఏరి అని యేసు అడిగాడు. ఆదివారం ప్రసంగాల్లో మనం ఇక్కడ ఆగిపోయి "మీరు ఆ తొమ్మిదిమందిలా ఉన్నారా?" అని అడుగుతాం. నేనూ అడిగా, యూత్ మీటింగ్‌లో. కానీ ఈ కథలో ఇంకో రెండు విషయాలున్నాయి.

ఒకటి. ఆ తొమ్మిదిమందికి రోగం తిరిగి వచ్చిందని లూకా రాయలేదు. థ్యాంక్స్ చెప్పలేదని యేసు ఇచ్చింది వెనక్కి తీసుకోలేదు. బాధపడ్డాడు, అడిగాడు, అంతే. బహుమానం బహుమానంగానే ఉండిపోయింది. తిరిగి రాకపోయినా చెల్లుబాటయ్యేదే నిజమైన బహుమానం.

రెండు. తిరిగి వచ్చినవాడితో యేసు చివరికి ఏం చెప్పాడు? "నువ్వొక్కడివే వచ్చావు కాబట్టి ఇక నాతోనే ఉండు, నా సామాన్లు మొయ్యి" అని చెప్పలేదు. లేచి నీ దారిన వెళ్లమన్నాడు, నీ విశ్వాసమే నిన్ను బాగుచేసిందన్నాడు. ఇక్కడున్నది ఉప్పు తిన్న విశ్వాసం కాదు. కృతజ్ఞత చెప్పినవాణ్ని కట్టెయ్యలేదు, లేపి పంపించాడు. నేను ఈ వచనం చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. "వెళ్లు" అన్న మాట మాత్రం 2023 దాకా నా చెవిన పడలేదు.

ఎల్బీ నగర్ నుంచి గుండ్లకమ్మ దాకా

ఇప్పుడు మన సొంత చరిత్రలోకి వద్దాం. మాది ప్రకాశం జిల్లా. పండక్కి ఊరెళ్లాలంటే ఎల్బీ నగర్‌లో బస్సెక్కుతా. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ రోడ్డు వదిలి, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, అద్దంకి మీదుగా ఒంగోలు వైపు వెళ్తుంది. మేదరమెట్ల దాటాక గుండ్లకమ్మ బ్రిడ్జి వస్తుంది. మా నాయనమ్మ ఆ బ్రిడ్జి వచ్చినప్పుడల్లా "మనోళ్లు ఇక్కడే నీళ్లలో దిగారు" అనేది. చాలాకాలం నాకది అర్థం కాలేదు.

విషయం ఇది. జాన్ క్లఫ్ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు వచ్చాడు. ఆ ఏడాదే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు బాప్తిస్మం తీసుకున్నాడు. తాళ్లకొండపాడులో తన చుట్టాలకీ పక్కాలకీ ఆయనే చెప్పాడు. మిషనరీ ఆ ఊరు వెళ్లేసరికి నమ్మినవాళ్లు సిద్ధంగా ఉన్నారు. అలా ఉద్యమం మనవాళ్ల ద్వారానే పాకింది.

ఆ రోజుల్లో మాదిగల బతుకు ఊరి మీద ఆధారపడి ఉండేది. చెప్పులు కుట్టాలి, మోట బొక్కెనలు కుట్టాలి, జాతరకి డప్పు కొట్టాలి, పిలిస్తే వెట్టికి వెళ్లాలి. బదులుగా పంట కళ్లంలో కొంత గింజలు. "మీకు తిండి పెడుతున్నది మేము" అన్న మాట మీద ఆ ఏర్పాటంతా నడిచేది. కృతజ్ఞత పేరుతో మనిషిని కట్టెయ్యడం అంటే ఇదే. కొత్తగా నమ్మినవాళ్లు ఆదివారం పని చెయ్యమన్నారు, జాతరకి డప్పు కొట్టమన్నారు, చచ్చిన పశువు మాంసం తినమన్నారు. ఊరి పెద్దలకి కోపం వచ్చింది. చాలాచోట్ల నీళ్లు, అంగడి, పని అన్నీ బంద్ చేశారు. మనం "వ్యక్తిగత స్వేచ్ఛ" అని ఈజీగా అనే మాటకి వాళ్లు కట్టిన ధర అది.

తర్వాత 1876లో వానలు పోయాయి. 1878 దాకా నడిచిన ఆ కరువుని పెద్ద కరువు అంటారు. మద్రాసు రాష్ట్రంలో లక్షలమంది చనిపోయారు. ప్రభుత్వం కరువు పని కింద కాలవ తవ్వించింది. పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా వెళ్లే బకింగ్‌హామ్ కాలవ. క్లఫ్ కుర్రవాడిగా ఉన్నప్పుడు అమెరికాలో సర్వే పని చేసినవాడు. అంటే మన ఇంజినీర్ల బ్యాచే. ఆ కాలవలో మూడున్నర మైళ్ల ముక్కని ఆయన కాంట్రాక్టు తీసుకున్నాడు. మాదిగ బోధకులే మేస్త్రీలు. పని చేసినవాళ్లకి కూలి, తిండి. రాత్రిపూట బోధకులు యేసు కథలు చెప్పేవాళ్లు. వేలమంది అక్కడ బతికి బట్టకట్టారు.

సహజంగానే వాళ్లలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఇక్కడ క్లఫ్ చేసిన పని చూడండి. ఆపేశాడు. సుమారు 15 నెలలు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి ఇచ్చే చెయ్యి, బాప్తిస్మం ఇచ్చే చెయ్యి ఒకటే అయితే, వచ్చేవాడు దేవుడి కోసం వస్తున్నాడా, అన్నం కోసం వస్తున్నాడా అని వాడికే తెలియదు. కరువు పని అయిపోనీ, అప్పుడు చూద్దాం అన్నాడు.

1878 జూన్ వచ్చింది. కాలవ పని ముగిసింది. పంచడానికి ఇంకేమీ లేదు. అప్పుడు గుండ్లకమ్మ ఒడ్డున, ఒంగోలుకి ఉత్తరాన ఉన్న వెల్లంపల్లికి జనం వచ్చారు. వందల్లో కాదు, వేలల్లో. మాకు సహాయం వద్దు అన్నారు. చేతుల మీద బొబ్బలు చూపించి, మేం కష్టపడి తిన్నవాళ్లం, రేపు పంట పోతే చచ్చిపోతాం, చచ్చేటప్పుడు క్రైస్తవులుగా చావాలని ఉంది అన్నారు. క్లఫ్ ఇంక కాదనలేకపోయాడు. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చినవాళ్లు ఆరుగురు బోధకులు, ఇద్దరు దిగితే మిగతావాళ్లు విశ్రాంతి. క్లఫ్ మాత్రం నీళ్లలోకి దిగలేదు. జూన్ మధ్య నుంచి జూలై చివరి దాకా మొత్తం 8,691 మంది.

దీని మీద అప్పుడూ ప్రశ్నలు వచ్చాయి, ఇప్పుడూ వస్తాయి. ఆకలి గుర్తు పోకముందే తీసుకున్న నిర్ణయం ఎంత స్వేచ్ఛగా తీసుకున్నట్టు? న్యాయమైన ప్రశ్నే. మనుషుల మనసులో ఒకే కారణం ఉండదు. అయితే అందుకే ఆ 15 నెలల ఆలస్యం నాకు 2,222 అనే నంబర్ కంటే పెద్దదిగా కనిపిస్తుంది. చేతిలో గింజలున్నంతసేపూ మేలు చేసినవాడు వెనక్కి తగ్గాడు. చేతులు ఖాళీ అయ్యాక వచ్చినవాళ్లని చేర్చుకున్నాడు. ఇచ్చేవాడు తగ్గితేనే పుచ్చుకునేవాడికి స్వేచ్ఛగా నిలబడే చోటు దొరుకుతుంది.

డోర్నకల్ నుంచి ఎడిన్‌బరోకి

ఇంకో మనిషి. సికింద్రాబాద్ నుంచి విజయవాడ రైలెక్కితే డోర్నకల్ జంక్షన్ వస్తుంది, ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా. వేదనాయకం శామ్యూల్ అజరయ్య అక్కడికి 1909లో వచ్చారు. తిరునల్వేలి తమిళుడు. తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబర్ 29న డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే.

దానికి రెండేళ్ల ముందు, 1910లో, స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ప్రతినిధులు 1,200 మందికి పైనే. ఆసియా నుంచి వెళ్లినవాళ్లు ఇరవైమంది కూడా లేరు. 35 ఏళ్ల అజరయ్య గారు లేచి మాట్లాడారు. మిషనరీలు చేసిన త్యాగానికి భారత సంఘం ఎప్పటికీ కృతజ్ఞతతో ఉంటుందని చెప్పారు. ఆ తర్వాత, మీరు సొమ్ము ఇచ్చారు, ప్రాణాలు ఇచ్చారు, ప్రేమ కూడా ఇవ్వండి, మాకు స్నేహితులు కావాలి అని అడిగారు. మీకూ మాకూ మధ్య ఎడం ఉంది, మనసు విప్పి మాట్లాడుకోవడం లేదు అని వాళ్ల ముఖం మీదే అన్నారు. హాల్లో కొంతమందికి అది నచ్చలేదు.

చూడండి, ఆయన థ్యాంక్స్ మానలేదు. థ్యాంక్స్ చెప్పాం కదా అని నిజం దాచనూ లేదు. "మీరు మాకు చేశారు, అందుకే ఇంత ధైర్యంగా అడుగుతున్నాం" అన్నట్టు మాట్లాడారు. కృతజ్ఞత ఉన్నవాడు తల వంచుకునే ఉండాలని మనం అనుకుంటాం. అజరయ్య గారు తల ఎత్తి కృతజ్ఞత చెప్పారు.

ఆయన బిషప్‌గా ఉన్న ఊళ్లలో ఇంకో అలవాటు బలపడింది. ఆడవాళ్లు వంట మొదలుపెట్టేటప్పుడు ఒక పిడికెడు బియ్యం పక్కన పెట్టి, ఆదివారం గుడికి తెచ్చేవాళ్లు. చాలా ఊళ్లలో ఇప్పటికీ ఉంది, మా అమ్మ కూడా పెడుతుంది. పేదవాళ్లే, ఒకరి సహాయం మీద బతికినవాళ్లే. కానీ పిడికెడు తీసి ఇచ్చిన రోజు వాళ్లు పుచ్చుకునేవాళ్లుగా మిగిలిపోలేదు, ఇచ్చేవాళ్లయ్యారు. కృతజ్ఞత మనిషికి ఇచ్చే స్వేచ్ఛ ఇదే.

పౌలు రాసిన చిన్న ఉత్తరం

కొత్త నిబంధనలో ఫిలేమోను పత్రిక ఉంది. ఒక్కటే అధ్యాయం, 25 వచనాలు, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఫిలేమోను అనే ఆయన దగ్గర నుంచి ఒనేసిము అనే దాసుడు వెళ్లిపోయాడు. జైల్లో ఉన్న పౌలు దగ్గర క్రీస్తుని నమ్మాడు. పౌలు అతన్ని తిరిగి పంపుతూ ఈ ఉత్తరం రాశాడు.

నేను నీకు ఆజ్ఞాపించగలను, కానీ ప్రేమతో అడుగుతున్నా అంటాడు. నువ్వు చేసే మంచి బలవంతం మీద జరగకూడదు, నీ ఇష్టంతో జరగాలి అంటాడు. అతను నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో రాయి, నేను కడతా అంటాడు. వెంటనే, నువ్వే నాకు బాకీ అన్న సంగతి ఎందుకులే అని కూడా అంటాడు! చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. పౌలు అంతటివాడు కూడా "ఫీజు కట్టిన రోజు గుర్తుందా" అన్న గీత దాకా వచ్చాడు. నిజానికి ఆ మాట కూడా ఆయన తన కోసం వాడుకోలేదు, ఒనేసిము కోసం వాడాడు. అయినా మేలు చేసినవాడికి ఆ మాట నాలుక చివర ఎంత దగ్గరగా ఉంటుందో చూడండి. అందుకే నేను అంకుల్‌ని విలన్‌గా చూపించడం లేదు. రేపు నా దగ్గర ఫీజు కట్టించుకున్న తమ్ముడు నన్ను కాదంటే, నా నోట్లోంచి కూడా ఆ మాటే రావచ్చు.

స్వేచ్ఛ అంటే ఎగ్గొట్టడం కాదు

ఇక్కడ కొంతమంది అనుకుంటారు: "సూపర్ బ్రో, అంటే ఎవరికీ ఏమీ చెయ్యక్కర్లేదు!" ఆగండి. గలతీయులకి రాసిన పత్రిక 5వ అధ్యాయంలో పౌలు, మీరు స్వేచ్ఛ కోసమే పిలవబడ్డారు అంటాడు. ఆ స్వేచ్ఛని సొంత కోరికలకి సాకుగా చేసుకోవద్దు, ప్రేమతో ఒకరికొకరు దాసులై ఉండండి అని అదే వాక్యంలో అంటాడు.

అమ్మానాన్నల విషయం చూడండి. మార్కు 7వ అధ్యాయంలో కొందరు తల్లిదండ్రులకి ఇవ్వాల్సింది ఇవ్వకుండా "ఇది దేవునికి అర్పితం" అని తప్పించుకుంటుంటే యేసు గట్టిగా తిట్టాడు. భక్తి పేరుతో ఎగ్గొట్టడం ఆయనకి నచ్చలేదు. స్వేచ్ఛ పేరుతో ఎగ్గొట్టడం కూడా అంతే. హాస్టల్ రూమ్‌లో కూర్చుని "నా లైఫ్ నా ఇష్టం" అంటూ మూడు నెలలు ఇంటికి ఫోన్ చెయ్యకపోతే, అది స్వేచ్ఛ అనుకోకండి.

అలాగే ఎవరైనా "దేవుడు నీకింత చేశాడు, కాబట్టి మాకు ఇంత ఇవ్వు" అని ఒత్తిడి చేస్తే, ఒకసారి ఆగి ఆలోచించండి. సణుగుతూ గానీ బలవంతం మీద గానీ ఇవ్వొద్దని కొరింథీయులకి రాసిన రెండో పత్రిక 9వ అధ్యాయంలోనే ఉంది.

మరి ఏం చేద్దాం?

నేను కౌన్సెలర్‌ని కాదు, కోడ్ రాసి బతికినవాణ్ని. నాకు పనికొచ్చినవి మాత్రం చెప్తా.

ఒకటి, పేరుపెట్టి థ్యాంక్స్ చెప్పండి. "అన్నింటికీ థ్యాంక్స్ అంకుల్" అంటే ఏమీ చెప్పనట్టే. ఏ రోజు, ఏం చేశారు, దానివల్ల ఏమైంది, ఇవన్నీ చెప్పండి.

రెండు, ఏమీ అవసరం లేని రోజు చెప్పండి. అడగడానికి ముందు చెప్పే థ్యాంక్స్ లంచంలా వినిపిస్తుంది. కాదనడానికి ముందు చెప్పేది సాకులా వినిపిస్తుంది.

మూడు, థ్యాంక్స్‌నీ "నో"నీ "కానీ"తో అతికించకండి. "మీరు చాలా చేశారు కానీ..." అనగానే ముందు మాటంతా కొట్టుకుపోతుంది. రెండూ వేర్వేరు వాక్యాలు, రెండూ నిజాలే.

నాలుగు, మీరు ఇచ్చేవాళ్లయినప్పుడు గుర్తు చెయ్యకండి. ఇవ్వలేకపోతే ఇవ్వలేనని చెప్పండి. అప్పుగా ఇస్తే అప్పు అనే చెప్పండి, అందులో తప్పేం లేదు. ఇచ్చినప్పుడు బహుమానం, కోపం వచ్చినప్పుడు అప్పు అన్నది మాత్రం వద్దు.

మిగిలిన కథ

ఆ 18,000 తిరిగి వచ్చాక రెండు నెలలు అంకుల్, నేను మాట్లాడుకోలేదు. ఆదివారం కనిపిస్తే వందనాలు, అంతే. ఆ రెండు నెలల్లోనే నేను లూకా 17 మళ్లీ చదివా. ఒకసారి ఊరెళ్తూ గుండ్లకమ్మ బ్రిడ్జి మీద నాయనమ్మ మాట గుర్తొచ్చింది. ఖాళీ చేతులతో వచ్చినవాళ్ల సంగతి అప్పుడే పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నా.

ఒక మంగళవారం ఆఫీసు అయ్యాక ఎల్బీ నగర్‌లో మెట్రో దిగి వాళ్లింటికి నడిచా. ఆంటీ తలుపు తీశారు. అంకుల్ టీవీ చూస్తున్నారు. నేను కూర్చుని చెప్పా. "అంకుల్, ఆ రోజు మీరు సెలవు పెట్టి వచ్చారు. గంటన్నర లైన్లో నిలబడ్డారు. రసీదు నా చేతికిచ్చారు, మీ దగ్గర పెట్టుకోలేదు. తర్వాత నన్ను హోటల్‌కి తీసుకెళ్లి భోజనం పెట్టించారు. నాకు ఆ రోజు పొద్దున టిఫిన్ చెయ్యడానికి డబ్బుల్లేవు, మీకా సంగతి చెప్పలేదు. ఇంతవరకు మీకు సరిగ్గా థ్యాంక్స్ చెప్పలేదు. థ్యాంక్స్ అంకుల్."

ఆయన టీవీ సౌండ్ తగ్గించారు. ఏమీ అనలేదు.

తర్వాత ఇంకో వాక్యం చెప్పా. "వచ్చే నెల నుంచి నేను మిక్సర్ దగ్గర కూర్చోను. ఇద్దరు పిల్లలకి నేర్పించా, వాళ్లు చూసుకుంటారు." చేతులు వణికాయి, అబద్ధం చెప్పను. ఆయన కోప్పడతారనుకున్నా. "గుర్తుందా" అంటారనుకున్నా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆంటీ టీ ఇచ్చారు, తాగా, లేచా.

గేటు దాకా వచ్చి అన్నారు. "ఆ పుణె సంగతి... నేనలా అనకుండా ఉండాల్సింది." కాసేపు ఆగి, "ఆదివారం రా. మిక్సర్ దగ్గరికి కాదు. ఊరికే వచ్చి కూర్చో."

వెళ్లా. నాలుగో వరుసలో, ఫ్యాన్ కింద. ఐదేళ్లలో మొదటిసారి పాట మొత్తం పాడా, లెవెల్స్ చూసుకోకుండా. మధ్యలో మైక్ కుయ్యిమంది. నేను లేవలేదు.

ఈ రోజుకి ఇంతే. మీకు మేలు చేసినవాళ్లలో ఒకరి పేరు ఇప్పటికే మీ మనసులో మెదిలి ఉంటుంది. ఈ వారం, ఏమీ అడగాల్సిన అవసరం లేని ఒక రోజు చూసుకుని, వాళ్లకి ఫోన్ చెయ్యండి. వాట్సాప్‌లో దండం బొమ్మ పెట్టి వదిలెయ్యకండి, మాట్లాడండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.